ఒడ్డున పడే ఓడ

ఫాల్మత్ డ్రైడాక్‌లో పొద్దుటినుంచీ
తుంపరా కానిది, మంచూ కానిది ఏదో కురుస్తోంది.
ఇక్కడివాళ్ళు దానికి పెట్టుకున్న పేరు
నాకింకా నోరు తిరగదు.

నా పని గోడలు తట్టడం.
ఉక్కురేకు మీద జెల్ రాసి మీటరు ఆనిస్తే
లోపలికెళ్ళిన శబ్దం తిరిగొచ్చి
ఎంత మందం మిగిలిందో చెబుతుంది.
పుట్టినప్పుడు పద్నాలుగు మిల్లీమీటర్లు.
ఇక్కడ పన్నెండు. ఇక్కడ పదకొండున్నర.
మూలల్లో తొమ్మిది.
సుద్దముక్కతో రాస్తూ పోతాను,
ఎక్కాలు రాసినంత గుండ్రంగా.

తక్కిన ఓడలన్నీ నేలంటే భయపడతాయి.
దీపస్తంభాలు కట్టించుకున్నదీ, పటాలు గీయించుకున్నదీ
ఆ భయంతోనే.
ఇది మాత్రం నేలను వెతుక్కుంటూ వెళ్ళి
కావాలని గుద్దుకునేది.
అడుగు చదును, అన్నం పళ్ళెమంత చదును.
నడిసముద్రంలో అందుకే తప్పతాగినట్టు తూలేదట.
"దీని మీద వాంతి చేసుకోని కెప్టెన్ లేడు"
అంటాడు డెంజిల్ ట్రెవాస్కిస్,
ముప్పయ్యొక్క ఏళ్ళు దీనికి బూడిదరంగు పూసినవాడు.

మా మాటల్లో ఒడ్డున పడ్డామంటే
బతికి బట్టకట్టామని.
వీళ్ళ నౌకాదళంలో ఓడ ఒడ్డున పడితే
విచారణ, సంజాయిషీ.
ఈ ఒక్కదానికే అది కొలువు.

ముక్కు రెండుగా విచ్చుకుని
నాలుకలా దిగే ర్యాంపు.
దాని మీదుగా ముందు ట్యాంకులు దిగాయి.
ఫొటోలన్నీ వాటికే.
తర్వాత తొమ్మిది టన్నుల మైదా,
రెండువేల జతల సాక్సులు, అన్నీ ఒకే సైజు,
జనరేటర్లు, పళ్ళ డాక్టరు కుర్చీ ఒకటి,
తుఫాను తిన్న దీవికి తాగునీళ్ళు.
ఇంకో దీవిలో కొండ రాజుకున్నప్పుడు
ర్యాంపు ఎక్కినవి మేకలు.
మేకల సంగతి లాగ్‌బుక్కులో లేదు.
డెంజిల్ చెప్పాడు. నమ్మాను,
లారీల గొలుసులు తగిలించే కొక్కెం దగ్గర
కొరికిన తాడుముక్క ఇంకా ఉంది కాబట్టి.

అయిదుగురు అక్కచెల్లెళ్ళట ఇవి.
పెద్దది పేరు మార్చుకుని
వేరే జెండా కింద కాపురం చేస్తోంది.
ఒకదాన్ని సొంతవాళ్ళే గురి నేర్చుకోవడానికి కాల్చి ముంచారు.
ఒకటి తగలబడింది.
ఆ మాటొస్తే డెంజిల్ లేచి బ్రష్షులు కడుక్కుంటాడు.
ఇంకోదాని గురించి రెండు రిజిస్టర్లలో రెండు రకాలుగా ఉంది.
మిగిలింది ఇదే.

కింది డెక్కులో లాండ్రీ గది.
గోడమీద పెన్సిలుతో చైనా అంకెలు.
లౌ కామ్ వింగ్, హాంకాంగ్ మనిషి,
ఇరవై రెండేళ్ళు చొక్కాలు ఇస్త్రీ చేసిన లెక్క.
ఒక వరుస సగంలో ఆగింది.
సరిగ్గా కొలవాలంటే రంగు గీకాలి.
నేను జానెడు పక్కకు జరిగి కొలిచాను.
అక్కడ పదకొండు వచ్చింది.
రూలు ప్రకారం అది తప్పు.

సాయంత్రం ర్యాంపు కీలు విప్పితే
లోపల్నుంచి ఇసుక రాలింది.
నల్లది, తెల్లది, గులాబీరంగు గవ్వపొడి,
అంతా ఒకటే ముద్ద.
ఏది ఏ ఒడ్డుదో
చెప్పగల మీటరు నా దగ్గర లేదు.
వంగి చేతిలోకి తీసుకునేలోపే
ఫోర్‌మన్ పాస్కో "చీపురు" అని కేకేశాడు.

రేపు రిపోర్టు ఇవ్వాలి.
పదిన్నరకు తగ్గిన చోట్లు ముప్పై అయితే కోతకు,
కాకపోతే ఇంకో అయిదేళ్ళు.
కాగితం మీద ఇరవై తొమ్మిది ఉన్నాయి.
లాండ్రీ గోడ ముందు మళ్ళీ నిలబడ్డాను,
ఒక చేతిలో గీకుడు కత్తి, రెండో చేతిలో టార్చి,
ఆ సగం వరుస చదవడం రాక.

పైన డెంజిల్ దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతున్నాడు.
నీళ్ళు లేని గుంటలో ఓడ
నోరు తెరుచుకునే ఉంది.
మెట్లెక్కుతుంటే
ఎడమ బూటులో ఏదో గరగరమంటోంది.