ఇన్‌వార్డు నంబరు 214

గోపాల్‌పూర్ ఎన్.ఎ.సి. ఆఫీసులో
కవర్లు చింపేది నేనే.
ఊరికో జెండా కావాలని
గోడగోడకీ ఒడియాలో నోటీసు అంటించాక
నోలియా సాహిలో నిలబడి
గట్టిగా తెలుగులో చదివి వినిపించిందీ నేనే.

ఒకటి: తెల్ల కాగితం మీదే గీయాలి.
రెండు: రంగులు మూడుకి మించరాదు.
మూడు: అక్షరాలుండకూడదు, ఏ భాషవైనా సరే.
మూడోది వినగానే
పడవ నీడన ముసలాళ్లు తలలూపారు,
"మంచిదే, కొట్టుకోడానికి ఒకటి తగ్గింది."

రెండొందల పదమూడు వచ్చాయి.
లైట్‌హౌసులే అరవై.
తాబేళ్లు నలభై ఒకటి, అందులో ఒకటి నవ్వుతోంది.
పొద్దుపొడుపులు లెక్కపెట్టడం మానేశాను.
బరంపురం పట్టుబట్టల షాపాయన
తన చీర అంచునే గీసి పంపాడు,
వెనక ఫోన్ నంబరుతో సహా.

ఆఖరి రోజు, తాళం చేతిలోకి తీసుకున్నాక
సూరాడ కొర్లమ్మ వచ్చింది.
గంపలో చేపల్లేవు,
వెదురు కర్రకు కట్టిన గుడ్డ ఒకటి.
బల్ల మీద పరిచేసరికి
ఫైళ్లన్నిటికీ ఉప్పువాసన.

"కాగితం మీద గియ్యాలమ్మా."
"గీస్తే తడిసిపోద్ది కదేటి?"

ఫారం నేనే నింపాను.
రంగు?
"నా పెళ్లికి మావిడిపండు రంగు.
మూడేళ్లు నేను కట్టాను, తొమ్మిదేళ్లు నీళ్ల మీదుంది.
ఇప్పుడేం రంగో నువ్వే రాసుకో."
కిటికీ వెలుగులో పెట్టి చూశాను.
తెల్లారగట్ల నురగకి పేరుంటే రాద్దును.
గడి ఖాళీగా వదిలేశాను.

జెండా అర్థం?
వింతగా చూసింది నన్ను,
ఇంత చదివి ఇది తెలీదా అన్నట్టు.
"కింద మా వలుంది, పక్క నించి పొండి అని."

ఒడియాలోకి మార్చి రాయబోతే
పెన్ను ఆగింది.
ఈ చోటు మాదని కాదు,
రండి అని కాదు, రావద్దనీ కాదు,
కనపడనిదొకటి కింద ఉంది. అంతే.

ఊదారంగు ముద్ర గుడ్డ మీదే వేశాను,
ఇంకెక్కడ వెయ్యను?
సిరా పోగుల్లోకి పాకింది.

కమిటీ కాసేపు నవ్వింది.
ఒక మేడం మాత్రం ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని
కర్ర పట్టుకుని ఒకసారి ఊపి చూసింది.
నిబంధన ఒకటి కింద తీసేశారు.
భువనేశ్వర్ కాలేజీ కుర్రాడి తాబేలు నెగ్గింది.
మంచి తాబేలే, అబద్ధమెందుకు.

"నెగ్గిందా బాబూ?"
"లేదమ్మా."
"అయితే ఇచ్చెయ్, రేపు వల వెయ్యాల."
వాపసు తీసుకున్నట్టు సంతకం పెట్టింది.
రిజిస్టరులో ఆ పేజీకి
అదొక్కటే తెలుగు.

ఆవిష్కరణ నాడు బీచిలో బ్యాండు వాయించారు.
గాలి లేదు.
తాబేలు స్తంభానికి అతుక్కుని పడుకుంది.

వాళ్ళాయన డానయ్య తర్వాతెప్పుడో చెప్పాడు.
ఎన్నిసార్లు ఉతికినా ముద్ర పోలేదట.
ఆర్యపల్లి బోట్లవాళ్లు చూసి
"ఇదేటి, సర్కారు వలేటి?" అనుకుని
చుట్టు తిరిగి పోతున్నారట,
మునుపటికంటే కాస్త దూరంగా.