రెండు వేళ్ళ సందు

చక్రానికీ పైన రేకుకీ మధ్య
నాలుగు వేళ్ళు దూరే ఖాళీ.
పొద్దున్నే తుడుస్తూ చెయ్యి పెట్టి చూసుకునేవాణ్ణి.
పొట్టి లాగు తొడిగిన పొడుగు కుర్రాడిలా ఉండేది
నా తెల్ల జెన్.
ఎంత దించాలో తెలీదు.
దించాలని మాత్రం మూడేళ్ళుగా తెలుసు.

లాకుల పక్కన జక్రయ్య షెడ్డు.
రేకుల మీద కొబ్బరిమట్ట పడ్డప్పుడల్లా
లోపల పానాలు ఉలిక్కిపడతాయి.
"దించుతావా?" అన్నాను.
"ఆయ్, దించుతానండి. ఎందుకో చెప్పండి ముందు."

ఏం చెప్పను?
రొయ్యల మేత కొట్లో పద్దులు రాసేవాణ్ణి
అందం గురించి ఎవరూ అడగలేదు ఇంతవరకూ.
"రోడ్డుకి దగ్గరగా పోవాలనుంది" అన్నాను.
నవ్వలేదు.

భీమవరంలో ఒకడు స్ప్రింగు కోసిస్తానన్నాడు,
చుట్టకి మూడొందలు, గంటలో పని.
జక్రయ్య గోడకి వేలాడుతున్న కోసిన స్ప్రింగొకటి తీసి
నా చేతిలో పెట్టాడు.
తెగిన చోట నీలంగా కమిలి ఉంది ఉక్కు.
"మంట చూసిన ఉక్కుకి మాట మీద నిలకడ ఉండదండి.
గోతిలో చక్రం జారినప్పుడు గూడు వదిలేస్తది.
మళ్ళీ ఎక్కడ కూచుంటదో దానికీ తెలీదు."

బల్ల మీద గోనె పరిచి ఒక్కొక్కటే పెట్టాడు.
ఎర్ర రంగు పొట్టి స్ప్రింగులు, ముప్పై మిల్లీమీటర్లు దింపేవి.
"పాత షాకులతో వీటిని కాపరం పెట్టకండి,
నెల్లాళ్ళకి నూనె కక్కుతాయి."
కురచ షాకులు, కవరైనా విప్పనివి.
ఆఖర్న గుడ్డలో చుట్టిన మరల గొట్టాలు,
బోల్టులా ఒళ్ళంతా గాడి.
కాలరు ఇటు తిప్పితే దిగుతుంది, అటు తిప్పితే లేస్తుంది.
ధర చెప్పాడు.
నా రెండు నెలల జీతం గుడ్డలో పడుకుని ఉంది.

"మా నాన్న ఈ లాకుల్లో తలుపులు తిప్పేవోడండి,"
అన్నాడు, కాలరు మీద బొటనవేలు ఆడిస్తూ.
"గడ్డి పడవ లోపలికొచ్చి నిలబడేది.
నీళ్ళు ఒక్కసారి వదిలేస్తే గోడకేసి కొట్టేస్తాయి.
అంగుళం అంగుళం దింపేవోడు.
దింపడమంటే పడెయ్యడం కాదు కదండీ."

టేపు పట్టుకుని కింద దూరాడు.
అట్టముక్క మీద అంకెలేశాడు, కొట్టేశాడు.
"ఎనక సీట్లో ఎవరెక్కుతారు?"
"ఎవరూ ఎక్కరు."
"మంగళారం రొయ్యల షెడ్డుకెళ్ళే ఆడోళ్ళో?"

దొరికిపోయాను.
మంగళవారం నేను బాకీలకి రాజోలు వెళ్ళే రోజు.
చించినాడ వంతెన మొదట్లో నిలబడి ఉంటారు నలుగురు,
ఆదెమ్మ, మార్తమ్మ, ఇంకో ఇద్దరు, పేర్లు అడగలేదు.
టోపీలూ చేతొడుగులూ సంచిలో కుక్కుకుని
ఐసు వాసనతో ఎక్కి
ఐసు వాసన వదిలేసి దిగుతారు.
"ఆళ్ళ బరువూ బండిదేనండి.
ఖాళీ బండి అబద్ధం చెప్తది."

కొట్టు నించి ఎనిమిది మేత బస్తాలు తెచ్చి వేశాం.
బండి కూర్చుంది.
అప్పుడు కొలిచాడు మళ్ళీ, అప్పుడు నమ్మాడు.

గొట్టాలే తీసుకున్నాను, మూడు వాయిదాల్లో.
"శ్రావణంలో గట్టు రోడ్డు మీదకి నీళ్ళొస్తే తెచ్చెయ్యండి,
లేపుతాను. మాఘంలో మళ్ళీ దించుకుందాం."
రబ్బరు దిమ్మలు కురచ చేసి, రేకు అంచు లోపలికి మడిచి,
శనివారం దీపాలవేళకి చేతికిచ్చాడు.
చెయ్యి పెట్టి చూశాను.
రెండు వేళ్ళు.
మూడోది దూరలేదు.

మంగళవారం వాన.
"సీటు కుంగిందేటి, మేం గానీ ఒళ్ళు చేశామా?"
అంది మార్తమ్మ ఎక్కుతూ.
చేపల లారీ కార్చుకుపోయిన నీళ్ళచారని తప్పించుకుంటూ
నెమ్మదిగా పోనిచ్చాను.
హైస్కూలు ముందు బ్రేకరు.
ఎవడో ఒక తట్ట తారు ఎక్కువ పోశాడు.
ఆగాను.
అద్దంలో చూశాను, అడగడానికి నోరు రాలేదు.
ఆదెమ్మే తలుపు తీసింది.
నలుగురూ దిగి, ఒకే గొడుగులో బ్రేకరు దాటి,
అవతల నిలబడ్డారు.
ఖాళీ బండి కొంచెం లేచింది.
గీరుకోకుండా దాటి
వాళ్ళ ముందు ఆగి
ఒక్కొక్కరే ఎక్కుతుంటే
అంగుళం అంగుళం దిగింది.