మొగిలి ఘాటులో

గొలుసు కప్పీకి వేలాడుతోంది పాత ఇంజను,
బోరులోంచి లాగిన కాలిపోయిన మోటారులాగా.
"బ్లాకే చీలిపోయుండాదబ్బయా,
ఇంక అతుకు నిలబడదు" అన్నాడు జిలానీ.

పలమనేరు దగ్గర బోల్తాపడిన పాలవ్యానుది
తుక్కుకొట్లో తూకానికి దొరికింది ఇంకోటి.
రెండంగుళాలు పొడుగు. మౌంటులు కలవవు.
ఎర్రటి రెండుసీట్ల బండి పొట్ట కోసి
మూడు రాత్రులు వెల్డింగు.
ఇప్పటికీ బానెట్టు ఎత్తితే
పులిసిన పాలవాసన.

ఆర్సీలో నంబరొకటి, లోపల నంబరొకటి.
"ఇది ఆ కారేనని కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?"
నవ్వుతూనే అడిగాడు జిలానీ,
చేతులు కిరసనాయిలుతో కడుక్కుంటా.
నేను నవ్వలేదు.

మొగిలి ఘాటు రెండో మలుపు.
ఇక్కడే ఉడుకెక్కి నిలబడి నీళ్లడిగేది ఎప్పుడూ.
ఈరోజు అడగలేదు,
మూడో గేరులో దాటేసింది.

పైకెళ్లాక నేనే ఆపి
బానెట్టు ఎత్తి నిలబడ్డాను
నీళ్ల సీసా పట్టుకొని.