జల్లెడ అడుగు

పోయినేడు రోహిణిల
రోళ్లు పగిలినయో లేదో నేను చూడలే.
నా మూడో పెట్టె మాత్రం కరిగింది.
పగటీలి రెండింటికి
గడప సందులకెళ్లి తేనె కారింది,
తేనెల మైనం, మైనంల పిల్లలు.
సిరొంచ చీమలన్నీ
సంతకొచ్చినట్టు వరుస కట్టినయి.

నలభై ఆరు డిగ్రీలని రేడియోల చెప్పిన్రు.
రేడియో కూడ నీడలనే కూసుంటది.

పెట్టె కొలత మనది కాదు.
మంచు కురిసే దేశంల ఎవరో
వెచ్చదనం బయటికి పోకుండ
మూలమూల బిగించి గీసిన గీత.
దాన్ని తెచ్చి ప్రాణహిత ఒడ్డున పెట్టి
ఈగల్ని బతుకుమన్నరు,
బాలింతకు గొంగడి కప్పి
పొయ్యి మీద కూసోబెట్టినట్టు.

వడ్ల ఓదెలు దగ్గరికి పోయిన.
"పెట్టెకు అడుగు తీసెయ్యాలె" అన్న.
చెవిమీది పెన్సిల్ చేతిలకు తీసుకొని
నన్నే కొలిచినట్టు చూసిండు.
"నలభై ఏండ్ల సంది చేస్తున్నక్కా,
అడుగు లేకుండ చేసింది
ఒక్క దర్వాజనే."

అడుగుంటది. జల్లెడ అడుగు.
గాలి రావాలె, ఈగ పోవద్దు,
నల్లి జారి కింద పడాలె.

నల్లి ఏందో చూపెట్టిన.
పోతుపిల్ల గదిని సూదితోని విప్పితే
పాలతెలుపు ఒంటిమీద
ఆవగింజల సగం, ఇటుక రంగు,
పుట్టకముందే పట్టుకున్న అప్పు.
కండ్లద్దాలు తుడుసుకొని మల్లా చూసిండు.
"దీని మిత్తి ఎవరు కడుతున్నరు?" అన్నడు.
ఇగ వేరే ఏం అడగలే.

పిండి జల్లెడ కన్ను సన్నం, నల్లి పడదు.
వడ్ల జల్లెడ కన్ను పెద్దది, ఈగ దూరుతది.
మా అత్త నూకల జల్లెడ సరిపోయింది.
ఆమె వారం దినాలు నాతోని మాట్లాడలే,
ఎనిమిదో రోజు
"నీ ఈగలు నూకలు తింటయా?" అని అడిగింది.

పైన రేకు. రేకు కింద బెత్తెడు ఖాళీ.
ఖాళీ కింద టేకు పలక,
రేకు మీద తడిపిన గోనె.
కాళ్లకు నాలుగు నీళ్ల చిప్పలు.
నా ఇంటికి రేకు ఒక్కటే,
ఆ సంగతి ఓదెలు అననే లేదు,
మేకు కొడుతూ ఇల్లు దిక్కు చూసిండు, అంతే.

జాలి కింద పాత మరాఠీ క్యాలెండరు
కాయితం పరిచి ఆముదం రాసిన.
పొద్దుగాల్ల గుంజి చూస్తే
అమాస గడిల పదకొండు,
సంకష్టి చవితి మీద నాలుగు,
ఏకాదశి గడి ఉత్తది.
ఆ రోజు నల్లికి కూడ ఒక్కపొద్దేమో.
బడిల మరాఠీల చదివిన లెక్కలు,
పీనుగల్ని మాత్రం తెలుగుల లెక్కపెడుత.

చక్కెర మెత్తగ దంచి చల్లిన రోజు
ఈగలన్నీ బూడిద పూసుకున్న బైరాగులు.
ఒకదాన్నొకటి దువ్వుకుంటుంటే
కాళ్లపట్టు జారి
రాలినయి, రాలినయి,
ఆ నెలల తేదీలు చాలలే.

అయినా ఐదో పెట్టె పోయింది.
కరగలే. ఎవరూ ఎత్తుకపోలే.
ఒకనాడు మూత తీస్తే
కట్టిన తుట్టె కట్టినట్టే ఉంది,
ఇంటోళ్లు లేరు.
ఏం తక్కువైందో చెప్పి పోయే అలవాటు
వాటికి లేదు.
నీళ్లు దూరమైనయో, వడగాలి
కిందికెళ్లే లోపలికి ఎక్కిందో.
మిగిలినయాటికి అడుగున పడమటి దిక్కు
సగం జాలికి పలక బిగించిన.
తప్పో ఒప్పో వానలు పడ్డంక తెలుస్తది.

రాత్రి ఇంట్ల పండలేక
మంచం పెట్టెల పక్కకు గుంజుకుంట.
ఈగలు గడప బయట
గడ్డంలెక్క వేలాడుతుంటయి,
లోపటియి రెక్కలతోని విసురుతుంటయి.
పొయ్యిమీద ఎసరు
పొంగక ముందు చేసే చప్పుడు.
ఓదెలు ఒకపారి వచ్చి
జాలి కింద అరచెయ్యి పెట్టి
చానసేపు తియ్యలే.
తీసినంక ఆ చెయ్యిని చూసుకున్నడు
ఎవరిదో అన్నట్టు.

ఇయ్యాల మూడు పడ్డయి.
మిరుగు ఇంకా పది రోజులున్నది.
కాయితం నిండింది, మార్చాలె.