పదకొండో నంబరు

ఒంగోలు కాలేజీలో నేను కెమిస్ట్రీ ల్యాబు అటెండర్ని.
ఆట తెలియదు.
చేతిరాత బావుందని స్కోరు బల్ల దగ్గర కూచోబెట్టారు,
ఇరవై రెండేళ్లు లేవనివ్వలేదు.

పదకొండో నంబరు, దార్ల సలోమి, టంగుటూరు.
ఊరి పేరు రాయాలని రూలేం లేదు,
నేనే రాసుకున్నాను.
తల్లి పొగాకు గ్రేడింగు కూలి.
తొమ్మిదో తరగతిలోనే ఈ పిల్ల
బ్యారన్లో నిచ్చెనెక్కకుండా
రెండో వాసానికి ఆకుకర్ర తగిలించేదట.
మొదటిరోజు బూట్లు లేవు.
వేళ్ల సందుల్లో నల్లటి పొగాకు జిగురు.
బంతి ఆ చేతిని వదిలిపోవడానికి
కాస్త ఆలోచించేది.
"జిగురు గొప్పతనం సారూ, నాదేముంది" అనేది.

ముప్పై నాలుగు పాయింట్లు కొట్టిన సాయంత్రం
నా పెన్సిలు ముల్లు రెండుసార్లు విరిగింది.

యూనివర్సిటీ ఫైనలు. ఒక్క పాయింటు తేడాతో గెలిచాం.
అందరూ ఆమెని ఎత్తుకుందామని చూస్తుంటే
నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.
"ఆఖర్న నా మోచెయ్యి తగిలింది సారూ, ఫౌలు రాయండి."
విజిలు పడనిది నేను రాయకూడదమ్మా అన్నాను.
కదల్లేదు.
మార్జిన్లో చిన్న చుక్క పెట్టి చూపించాను.
అప్పుడెళ్లింది కప్పు దగ్గరికి.

రైల్వే వాళ్లు తీసుకున్నారు.
కాగితాల మీద గుమాస్తా,
నిజానికి సికిందరాబాదులో చెక్క నేల మీద
ఎనిమిదేళ్ల పరుగు.
మొదటి జీతం నోట్లని వాళ్లమ్మ
ఒక్కొక్కటే వెలుతురుకి పట్టి చూసిందట,
ఆకు రకం తేల్చినట్టు.
"బంతాటకా? ఇంతా?"

తర్వాత మోకాలు.
పేపర్లో అది రెండు లైన్లు.
ఆ తర్వాత సింగరాయకొండ టికెట్ల కిటికీ.
అవతల నిలబడ్డవాళ్లకి
వంగిన ఒక నుదురు, చిల్లర.
"కూచున్నా ఎత్తేనే మేడం" అని
ఎవడో ఒకడు రోజూ అనేవాడు.

నేను రిటైరయ్యాక ఒక ఆదివారం టంగుటూరు పోయాను.
హైస్కూలు వెనక మట్టి కోర్టు.
మూతపడ్డ బ్యారన్లోంచి పీకిన ఇనుప కట్టు
వంచి, వెల్డింగు చేయించి, రింగు.
దానికి కొత్తపట్నం చేపల వల,
ఇంకా ఉప్పువాసన.
పద్నాలుగు మంది ఆడపిల్లలు,
సగం మంది పొద్దున ఆకుకి పోయొచ్చినవాళ్లే.
సలోమి కుంటుతూ అటూ ఇటూ.
మెళ్లో విజిల్లేదు.
"అదేందమ్మా, కోచ్చివి, విజిలేదీ?"
"చూడండి సారూ."

చూశాను.
ఆట మధ్యలో ఒక బక్కపిల్ల టక్కున ఆగి
తనే చెయ్యెత్తింది.
ఎవరూ అరవలేదు, ఎవరూ పట్టుకోలేదు,
ఎదుటి పిల్లకి బంతిచ్చేసి
గౌను దులుపుకుని మళ్లీ పరిగెత్తింది.

చీకటి పడ్డాక
టీ గ్లాసు నా చేతిలో పెడుతూ అడిగింది:
"ఆ చుక్క ఉందా సారూ, మీ బుక్కులో?"

ఉంది తల్లీ, భద్రంగా ఉంది అన్నాను.

కాలేజీ స్టోరురూములో
ఆ పుస్తకాల్ని చెదలు తిని తొమ్మిదేళ్లు.
బస్సు రేణిగుంట్ల దాటినట్టు చేతులు ముడుచుకుని
టీ తాగుతూ కూచున్నాను.
చెయ్యెత్తలేదు.