సన్నటి కవరు

బయియా రాష్ట్రం, లోపలి ఎండు నేల.
సివిల్ పోలీసు ఠాణాలో రైటర్ని.
నా తుపాకీ సొరుగులో తుప్పు పడుతోంది,
అరిగినవి వేళ్లే.

పదకొండున్నరకి జురెమా వచ్చింది,
తపాలా వాళ్ల పసుప్పచ్చ చొక్కా,
ఒక్క కాలికే చెప్పు.
వెనకే గస్తీ సార్జెంట్ ఎద్వానియో.
మిలిటరీ పోలీసు. పేరుకే మిలిటరీ,
యుద్ధం ఎరగడు, ఊళ్లో మలుపు మలుపూ ఎరుగును.
"పట్టుకోవడం మా పని, కూపీ లాగడం మీది"
అని కాఫీ తాగి వెళ్లాడు.
పట్టుకున్నదీ లేదు.

అసలు ముందు చూసింది మునిసిపల్ గార్డు కుర్రాడు.
చౌకులో విగ్రహానికీ పూలకుండీలకీ కాపలా.
దొంగ పారిపోతూ కుండీ తన్నాడట,
కుండీ మీద రెండు పేజీలు రాసి పంపాడు.

"ఎక్కడ జరిగింది?"
"పెద్దరోడ్డు పక్కన."
"తెల్లగీతకి లోపలా, బయటా?"
లోపలైతే హైవే పోలీసులకి కబురు పెట్టాలి,
వాళ్లు ఫెడరల్.
కాసేపు ఆలోచించింది.
"చెప్పు లోపల పడింది. నేను బయట పడ్డాను."

"ఏం పోయాయి?"
"ఫోను."
రాశాను. ఫోను ఆమెది, కేసు నాది.
"ఉత్తరాల సంచి."
ఆగాను.
సంచి దేశానిది. దానికి ఫెడరల్ పోలీసులు రావాలి
నూట నలభై కిలోమీటర్ల అవతల్నించి,
నల్ల చొక్కాల్లో, తీరిక చూసుకుని.
ఒకే కత్తి, ఒకే చెయ్యి, ఒకే నిమిషం,
నేను చాటలో పోసి చెరుగుతున్నాను.

"మరి మోకాలు?" అంది.
నెత్తురు మేజోడులోకి దిగుతోంది.
రాష్ట్రానిదే అనుకుంటాను.
సొరుగు లాగి, తుపాకీ పక్కనున్న దూది ఇచ్చాను.

మా తాతకి తెలిసిన పోలీసు ఒక్కడే:
భూస్వామి మనిషి.
ఠాణా, తాళం, తాడు, అన్నీ ఒకే జేబులో.
లాఠీని ముక్కలు చెయ్యడమే మంచిదయింది,
ముక్కల మధ్య సందులో మనిషికి ఊపిరాడుతుంది
అనేవాడు.
ఆ సందులోంచే దొంగా దూరిపోతాడని
చెప్పకుండా పోయాడు.

సంతకం పెట్టి, గుమ్మం దాకా కుంటి, ఆగింది.
"సంచిలో మీకూ ఒకటుంది సార్.
సాల్వడార్ నుంచి. సర్కారు ముద్ర."

ఇల్యేవుస్‌కి బదిలీ అడిగి తొమ్మిదేళ్లు.
అక్కడ ఠాణా కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందంటారు.

"లావుగా ఉందా, సన్నగానా?"

ఉత్తరాలు మోసిన చెయ్యి కదా,
గాల్లోనే ఓసారి తూచి చూసింది.
"సన్నగా."

ఆ మాట కాగితంలో ఎక్కించలేదు.
సంచి నా పరిధి కాదు.