అప్పు తేని లెక్క

రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరితే
నా చెప్పుల నిండా రాతిపొడి,
గడప లోపల వాడు.
రెండో తరగతి. పేరు కుళ్లాయి స్వామి.
బోర్లా పడుకోని, మోచేతుల కింద నోటుబుక్కు,
పళ్ల మధ్య పెన్సిలు తోక.

నలభై రెండులోంచి పదిహేడు తీసేయల్ల.
ముప్పై ఐదు అని రాసినాడు.
దాని మీద ఎర్రగా ఇంటూ మార్కు,
పక్కన "సరిచేసి తీసుకురా" అని టీచరమ్మ రాత.

నేను ఏడు దాకా చదివినోణ్ని.
తాడిపత్రిలో నాపరాళ్లు కోసే మిషను కాడ
అడుగులూ అంగుళాలూ నోటితోనే లెక్క కడతా.
"ఈమాత్రం తెలీదా?" అన్నా.
అనేసినాక గానీ
మా సేటు గొంతు నా నోట్లోకొచ్చిందని తెలీలే.

వాడు పెన్సిలు తీసి చెవి మీద పెట్టుకున్నాడు,
మా మేస్త్రీ మాదిరి.
"రెండులోంచి ఏడు ఎట్ల పోతాది నాయనా?
అంత లేదు గదా దాని కాడ.
అందుకే ఏడులోంచి రెండు తీసినా."

నాకు జవాబు దొరకలే కాసేపు.
లేనోణ్ని వదిలిపెట్టి
ఉన్నోడి దగ్గర తీసుకున్నాడు వీడు.
అయినా చెప్పల్ల గదా.
"పక్కన నాలుగుంది చూడు,
దాని కాడ ఒకటి అప్పు తెచ్చుకో."

వాడు తలుపు దిక్కు చూసినాడు.
పోయిన బేస్తవారం ఫైనాన్సు ఆయప్ప బండి ఆపినప్పుడు
నాయన ఊర్లో లేడని చెప్పింది వీడే.
నేను మంచం వెనక ఉంటి.

గొంతు తగ్గించి అడిగినాడు:
"తెచ్చుకుంటే, మళ్లీ ఎప్పుడియ్యల్ల?"

పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పినా.
ఏ లెక్కలోనూ తిరిగి ఇచ్చినట్టు లేదు.
నాలుగు మూడై పోయి అట్లే నిలబడింటాది,
రెండు పన్నెండై కూర్చోనింటాది,
అడిగేవాడు ఉండడు.
ఇన్నేండ్లుగా తీసివేతలు చేస్తాండా,
ఈ అనుమానం నాకు ఒక్కసారన్నా రాలే.

ఇంక పాత పేజీలు చదవబట్టినా,
ఇంటూలు పడినవి మాత్రమే.

"నీళ్లు ఎక్కడి నుండి వచ్చును?"
మంగళవారం, అని రాసినాడు.
మా సందులో కొళాయి వచ్చేది ఆ రోజే,
తెల్లారి నాలుగింటికి, బిందెల చప్పుడుతో.
చెరువు అని రాయల్లంట.
వాడు చూసిన చెరువులో
పెద్దపిల్లలు వికెట్లు పాతుకోని ఆడతాంటారు.
బడిలో వీణ్నే కొళాయి అని ఏడిపిస్తారంట.
"నేనూ మంగళవారమే వస్తా పోండి" అంటాడంట.

ఇంకో పేజీలో ఖాళీ.
"నాన్న సాయంత్రం ______ వచ్చును."
తెల్లగా, అని నింపినాడు.
టీచరమ్మ కొట్టేసి "ఇంటికి" అని దిద్దింది.
నలభై పైన పుస్తకాలు ఆమె ముందర,
ఆమెను ఏమనేది?
నేను నా చేతులు చూసుకున్నా.
వెంట్రుకల మొదళ్లలో పొడి,
కడుక్కున్నా పోనిది.

అగ్గిపెట్టె తెరిచి పుల్లలు నేల మీద పోసినా.
వాళ్లమ్మ జాకెట్లు కుట్టే దారం తెంపిచ్చింది.
పదేసి కట్టలు నాలుగు, విడిగా రెండు.
"పదిహేడు నాకియ్యి" అన్నా.
విడి పుల్లలు రెండూ ఇచ్చేసి
కట్టల దిక్కు చానాసేపు చూసినాడు.
"ఒకటి విప్పొచ్చా?"
"నీవే గదరా."
"ఎవురినీ అడగబన్లేదా?"
"బన్లే."

ముడి పంటితో లాగినాడు.
ఇరవై ఐదు మిగిలినాయి.
రెండుసార్లు లెక్కబెట్టుకోని
పుస్తకంలో రాసి, దాని కింద
చీమల్లాంటి అక్షరాలతో
"అప్పు తేలేదు" అని కూడా రాసుకున్నాడు.
రేపు దానికీ ఎర్ర గీత పడొచ్చు.
చెరపమని నేను చెప్పలే.

పుల్లలు పెట్టెలోకి ఎత్తుతా ఉంటే
వాడు అప్పటికే నిద్దరపోయినాడు,
చెవి మీద పెన్సిలు అట్లే.

రేపు బేస్తవారం.
బండి చప్పుడైతే
తలుపు నేనే తీయల్ల.